గ్లైసిన్ ఎంతుందో చూడకుండా పార్షియల్ అగోనిస్టుకి పేరు పెట్టొద్దు

డి-సైక్లోసెరిన్ అనే మందు, మెదడు కణాల మీదుండే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ పనిని పెంచుతుందా, తగ్గిస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఒక ఎదురు ప్రశ్న వెయ్యాలి: ఆ సమయానికి అక్కడ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఎంతుంది? అది అడగకుండా "పెంచుతుంది" అని రాసినవాళ్లూ ఉన్నారు, "అడ్డుకుంటుంది" అని రాసినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి దగ్గరా ఉన్నవి నిజమైన రికార్డింగులే. తేడా అంతా వాళ్లు వాడిన సెలైన్‌లో, అంటే సెల్స్‌ని ఉంచే ఉప్పు ద్రావణంలో, ఉంది.

బెంగళూరులో ఎన్‌సీబీఎస్, ఐఐఎస్సీ, నిమ్హాన్స్, జక్కూరులోని జేఎన్‌సీఏఎస్‌ఆర్ లాంటి చోట్ల న్యూరోసైన్స్ ల్యాబుల్లో చేరే తెలుగు విద్యార్థులు చాలామందే ఉన్నారు. ప్యాచ్ క్లాంప్ (గాజు పిపెట్‌తో ఒక్కో సెల్ కరెంటు కొలిచే పద్ధతి) చేతికి అలవాటయ్యాక, మొదటి డోస్-రెస్పాన్స్ కర్వ్ (డోస్‌తో స్పందన ఎలా మారుతుందో చూపే గీత) గీసేటప్పుడు వచ్చే చిక్కులు ప్రోటోకాల్ షీటులో కనిపించవు. ఈ పోస్టు వాళ్ల కోసం.

ముందు అవసరమైనంత నేపథ్యం. మామూలు ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌లో రెండు గ్లూఎన్1, రెండు గ్లూఎన్2 సబ్‌యూనిట్లు ఉంటాయి. న్యూరాన్ల మధ్య సంకేతాలు మోసే గ్లూటమేట్ గ్లూఎన్2కి అంటుకుంటుంది, గ్లైసిన్ లేదా డి-సెరిన్ గ్లూఎన్1కి అంటుకుంటుంది. రెండూ ఉంటేనే రిసెప్టర్‌లోని ఛానెల్, అంటే అయాన్లు వెళ్లే దారి, తెరుచుకుంటుంది. గ్లైసిన్ ఈ స్పందనని పెంచుతుందని 1987లో జాన్సన్, ఆషర్ చూపించారు. అది ఉత్త పెంపు కాదు, గ్లైసిన్ లేకపోతే స్పందనే లేదని 1988లో క్లెక్నర్, డింగిల్‌డైన్ తేల్చారు. అంతకుముందు చేసిన ప్రయోగాల్లో ఎవరూ గ్లైసిన్ కలపకపోయినా కరెంట్లు వచ్చాయంటే, సెలైన్‌లో గ్లైసిన్ తనంతట తానే చేరి ఉందన్నమాట. ఆ గ్లైసిన్ ఈరోజు మీ సీసాలో కూడా ఉంది. అందుకే ఇంత ఉపోద్ఘాతం.

డి-సైక్లోసెరిన్ కూర్చునేది ఈ గ్లూఎన్1 చోటులోనే. ఎంత పోసినా, గ్లైసిన్ ఇచ్చేంత కరెంటు గ్లూఎన్2బి (గ్లూఎన్2లో ఒక రకం) ఉన్న రిసెప్టర్‌లో ఇవ్వదు. దాదాపు 65 శాతం దగ్గర ఆగిపోతుంది. ఇలా రిసెప్టర్‌ని తెరిచినా పూర్తి స్పందన ఇవ్వలేనిదే పార్షియల్ అగోనిస్ట్, పూర్తిగా ఇచ్చేది (ఇక్కడ గ్లైసిన్) ఫుల్ అగోనిస్ట్. కుర్చీ ఖాళీగా ఉంటే అది వచ్చి కూర్చోవడం లాభం. బాగా పనిచేసేవాణ్ణి లేపి కూర్చుంటే నష్టం. ఈ రెండూ ఒకే అణువు, ఒకే డోస్ దగ్గర చెయ్యగలదు.

దీన్ని అంకెల్లో చూడండి. లెక్క తేలికవడానికి గుండ్రని విలువలు తీసుకుంటున్నాను: గ్లైసిన్ సగం స్పందన ఇచ్చే గాఢత 1 మైక్రోమోలార్, డి-సైక్లోసెరిన్‌కి అదే 20 మైక్రోమోలార్, దాని ఎఫికసీ, అంటే గ్లైసిన్ గరిష్ఠం 1 అనుకుంటే అది ఇవ్వగల గరిష్ఠం, 0.65. ఒక్కొక్క మందు గాఢతని దాని సగం-స్పందన గాఢతతో భాగించండి. వచ్చినదాన్ని దాని ఎఫికసీతో గుణించి, రెండు మందులవీ కూడండి. దాన్ని "1 + రెండు భాగఫలాల మొత్తం"తో భాగిస్తే స్పందన వస్తుంది.

గ్లైసిన్ 0.3 మైక్రోమోలార్ మాత్రమే ఉన్నప్పుడు స్పందన గరిష్ఠంలో 23 శాతం. దానికి 100 మైక్రోమోలార్ డి-సైక్లోసెరిన్ కలిపితే 56 శాతానికి పెరుగుతుంది. గ్లైసిన్ 10 మైక్రోమోలార్ ఉంటే మొదటి స్పందనే 91 శాతం. అదే 100 మైక్రోమోలార్ కలిపితే 83కి పడిపోతుంది. ఈ రెండు స్థితుల మధ్య సరిహద్దు ఎక్కడుందో కూడా లెక్క చెబుతుంది: గ్లైసిన్ ఒక్కటే 65 శాతం స్పందన ఇస్తున్న చోట, అంటే 1.86 మైక్రోమోలార్ దగ్గర. అక్కడ డి-సైక్లోసెరిన్ ఎంత పోసినా కరెంటు కదలదు. ఆ గాఢతలో సెల్‌ని పట్టుకుని "మందు పనిచేయడం లేదు, బ్యాచ్ పాడయింది" అనుకునే ప్రమాదం ఉంది. నిజానికి మందు రిసెప్టర్ మీద నిండుగా కూర్చుని ఉంటుంది. అసలు రిసెప్టర్‌లో గ్లైసిన్ చోట్లు రెండు కాబట్టి వంపు కాస్త మారుతుంది, కానీ దిశ మారే సంగతి మారదు.

ఇప్పుడు ఆ 1.86ని గుర్తుపెట్టుకుని మీ ల్యాబులో బేసిన్ దగ్గరికి వెళ్లండి. ప్రోటీన్ జెల్ నడిపే వాళ్ల ట్రిస్-గ్లైసిన్ రన్నింగ్ బఫర్‌లో గ్లైసిన్ 192 మిల్లీమోలార్ ఉంటుంది. ఆ బఫర్ పట్టిన లీటరు సీసాని పైపైన కడిగితే, అడుగున 10 మైక్రోలీటర్లు మిగలడం పెద్ద విషయం కాదు, కంటికి కూడా ఆనదు. ఆ సీసాలో లీటరు సెలైన్ కలిపితే గ్లైసిన్ 1.92 మైక్రోమోలార్ అవుతుంది. సరిగ్గా పైన చెప్పిన సరిహద్దు. ఒక మామూలు చుక్క, 50 మైక్రోలీటర్లు, మిగిలితే 9.6 మైక్రోమోలార్. అంటే ఒక్క చుక్క మీ ఫలితాన్ని "పెంచుతుంది" నుంచి "తగ్గిస్తుంది"కి తిప్పేస్తుంది. కాబట్టి ఎన్‌ఎండీఏ పనికి సీసాలు, కొలజాడీలు, కలిపే అయస్కాంతపు కడ్డీ, చివరికి పీహెచ్ ఎలక్ట్రోడ్ కూడా విడిగా ఉండాలి. పీహెచ్ ఎలక్ట్రోడ్ సంగతి చాలామంది మర్చిపోతారు. పొద్దున్నే ఎవరో దాన్ని గ్లైసిన్ బఫర్‌లో ముంచి ఉంటారు, మీరు పదకొండింటికి మీ సెలైన్‌లో ముంచుతారు. పీహెచ్ చూడటానికి చిన్న గ్లాసులోకి కొంచెం తీసి చూసి, ఆ కొంచెం పారబోయండి.

చేతులు రెండో మూలం. చెమటలో సెరిన్, గ్లైసిన్ పుష్కలంగా ఉంటాయి, వేలిముద్రలని నిన్‌హైడ్రిన్‌తో బయటపెట్టేది ఈ అమైనో ఆమ్లాల వల్లే. సెల్స్ ఉండే కవర్‌స్లిప్ అంచుని, సెల్స్ మీదికి ద్రావణం పంపే పెర్ఫ్యూజన్ ట్యూబు కొసని ఉత్త చేత్తో ముట్టుకోకండి.

మూడోది నీళ్లు. ఇక్కడ బెంగళూరు సంగతి కొంచెం చెప్పాలి. కావేరీ నీళ్లు రాని క్యాంపస్‌లు, భవనాలు బోరు మీదో ట్యాంకర్ మీదో ఆధారపడతాయి. ఆ నీళ్ల కాఠిన్యానికి ఆర్‌ఓ మెంబ్రేన్, కార్ట్రిడ్జి తొందరగా అయిపోతాయి. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. మెషీన్ మీద 18.2 మెగాఓం కనిపించగానే నీళ్లు శుభ్రం అని నమ్మకండి. ఆ అంకె అయాన్లని మాత్రమే పట్టుకుంటుంది. గ్లైసిన్ మామూలు పీహెచ్ దగ్గర ఒకే అణువులో ధన, ఋణ ఆవేశాలు రెండూ మోస్తుంది, మొత్తం మీద ఆవేశం సున్నా. కాబట్టి అది కొద్దిగా ఉన్నా ఆ అంకె కదలదు. చూడాల్సింది పక్కనున్న టోటల్ ఆర్గానిక్ కార్బన్ అంకె, అది 5 పీపీబీ లోపు ఉండాలి. ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీళ్లు కాకుండా, మొదటి రెండు లీటర్లు వదిలేసి పట్టుకోండి. బాక్టీరియా పెరిగిన గొట్టంలో అమైనో ఆమ్లాలు ఉండటం సహజం.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా గ్లైసిన్ కలపని సెలైన్‌లో పదుల నానోమోలార్లలో అది ఉంటుంది. పూర్తిగా తీసేయలేం, కొలిచి ఒప్పుకోవాలి. కొలిచే పద్ధతి తేలిక: 100 మైక్రోమోలార్ గ్లూటమేట్‌ని గ్లైసిన్ లేకుండా ఇవ్వండి. తర్వాత అదే సెల్‌కి 100 మైక్రోమోలార్ గ్లూటమేట్, 100 మైక్రోమోలార్ గ్లైసిన్ కలిపి ఇవ్వండి. మొదటిది రెండోదానిలో 5 శాతం దాటితే ఆ రోజు సెలైన్ మొత్తం పారబోసి మళ్లీ కలపడమే. పై లెక్కలో 5 శాతం అంటే దాదాపు 50 నానోమోలార్ గ్లైసిన్. కర్వ్‌లోంచి ఆ 5 శాతాన్ని తీసేసి సరిపెట్టుకుందాం అనుకోకండి. పార్షియల్ అగోనిస్ట్ పెరిగేకొద్దీ ఆ గ్లైసిన్‌ని కూడా తోసేస్తుంది కాబట్టి తీసేయాల్సిన మొత్తం ప్రతి డోస్ దగ్గరా వేరు.

సెల్స్ విషయానికొస్తే, హెక్ 293 సెల్స్‌లో (ల్యాబులో పెంచే మనిషి కిడ్నీ సెల్స్) గ్లూఎన్1, గ్లూఎన్2బి జీన్లు పెట్టడం, అంటే ట్రాన్స్‌ఫెక్షన్, వరకూ ఎవరైనా చేస్తారు, మర్నాటికి డిష్‌లో సగం చచ్చి తేలుతుంటాయి. కారణం మీడియం, అంటే సెల్స్ పెరిగే ద్రవం. మామూలుగా వాడే డీఎంఈఎం మీడియంలో గ్లైసిన్ 0.4 మిల్లీమోలార్ ఉంటుంది, సెల్స్ వదిలే గ్లూటమేట్ తోడవుతుంది, రిసెప్టర్లు రాత్రంతా తెరుచుకుని కాల్షియం నింపేస్తాయి. ట్రాన్స్‌ఫెక్షన్ అయిన వెంటనే మీడియం మార్చి 200 మైక్రోమోలార్ డి-ఏపీ5 వెయ్యండి. ఏపీ5 గ్లూటమేట్ చోటుని ఆపుతుంది, రికార్డింగుకి ముందు కడిగితే పోతుంది. కొందరు దానితోపాటు 7-క్లోరోకైన్యురెనిక్ ఆమ్లం కూడా వేస్తారు. అది గ్లైసిన్ చోటులోనే కూర్చునేది, వదలడానికి టైం తీసుకుంటుంది. డి-సైక్లోసెరిన్ కొలిచే పనికి నేను దాన్ని వద్దంటాను.

బయటి సెలైన్: సోడియం క్లోరైడ్ 150, పొటాషియం క్లోరైడ్ 3, కాల్షియం క్లోరైడ్ 0.5, హెపెస్ 10 మిల్లీమోలార్, ఈడీటీఏ 10 మైక్రోమోలార్. పీహెచ్ 7.4, ఆస్మోలారిటీ 300 నుంచి 310. మెగ్నీషియం వెయ్యొద్దు, మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గర అది ఛానెల్‌ని మూసేస్తుంది. కాల్షియం తక్కువ పెట్టడం ఎందుకంటే, లోపలికొచ్చిన కాల్షియమే రిసెప్టర్‌ని నిదానంగా అణిచేస్తుంది. కాల్షియాన్ని పట్టేసే బాప్టా పిపెట్‌లో 5 మిల్లీమోలార్ పెట్టేది కూడా అందుకే. ఈడీటీఏ జింక్‌ని పట్టేయడం కోసం. గ్లూఎన్2ఏ ఉన్న రిసెప్టర్‌ని నానోమోలార్ జింక్ కూడా తగ్గిస్తుంది, మామూలు ఉప్పుల్లో ఆ మాత్రం జింక్ ఎప్పుడూ ఉంటుంది. పీహెచ్‌ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ప్రోటాన్లు ఈ రిసెప్టర్‌ని అణిచే పరిధి శరీరపు పీహెచ్ చుట్టుపక్కలే ఉంది, కాబట్టి ఒక రోజు 7.2, మరో రోజు 7.5 అయితే ఆ రెండు రోజుల కరెంట్లని పోల్చలేం. మందు కలిపాక పీహెచ్ మళ్లీ చూడండి. మిల్లీమోలార్ డోసుల దగ్గర మందే పీహెచ్‌ని కదిలిస్తుంది.

ఇక మందు. డి-సైక్లోసెరిన్ అణుభారం 102.09. అంటే 10.2 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరులో కలిపితే 100 మిల్లీమోలార్ స్టాక్. నీళ్లలో సునాయాసంగా కరుగుతుంది, ఇబ్బంది అక్కడ కాదు. ఇది ఆమ్లంలో నిలవదు. విడిపోయినప్పుడు వచ్చేవి హైడ్రాక్సిలమీన్, డి-సెరిన్. డి-సెరిన్ అంటే ఏమిటి? ఇదే చోటుకి పూర్తి అగోనిస్ట్, మైక్రోమోలార్‌కి అటూ ఇటూగా పనిచేసేది. మీ పార్షియల్ అగోనిస్ట్ పాతబడితే దాంట్లోంచి ఫుల్ అగోనిస్ట్ పుట్టుకొస్తుందన్నమాట.

ఎంత తేడా వస్తుంది? స్టాక్‌లో 5 శాతం అలా మారిందనుకోండి. 1000 మైక్రోమోలార్ ఇచ్చానని మీరు అనుకున్నప్పుడు 50 మైక్రోమోలార్ డి-సెరిన్ కూడా వెళ్తుంది. డి-సెరిన్ సగం-స్పందన 1 మైక్రోమోలార్ అనుకుని పైలెక్కే వేస్తే స్పందన 82 శాతం. శుద్ధమైన మందుకి రావాల్సింది 64. ఎఫికసీ 0.65 ఉన్న మందుని 0.82 అని రాసేస్తారు, అది కూడా చాలా అందమైన, ఎర్రర్ బార్లు చిన్నగా ఉన్న కర్వ్‌తో. ఈ తప్పుని గ్రాఫ్ చూసి పట్టుకోలేరు. పొడి తేమని లాగేస్తుంది కాబట్టి డెసికేటర్‌లో పెట్టి మైనస్ 20లో ఉంచండి, గది వేడికి వచ్చాకే మూత తియ్యండి. వానాకాలంలో బయటికి తీసిన వెంటనే మూత తీస్తే సీసా లోపల తేమ పేరుకుంటుంది. ఉత్త నీళ్లలో కలిపితే ద్రావణం కాస్త ఆమ్లంగానే ఉంటుంది, అందుకని బఫర్ ఉన్న సెలైన్‌లోనే కలిపి, ఐసు మీద ఉంచి, సాయంత్రానికి పారబోయండి. ఫ్రీజర్లో అలికాట్లు (చిన్న చిన్న భాగాలు) దాచుకునే అలవాటు ఈ ఒక్క మందు విషయంలో మానెయ్యడం మంచిది.

రికార్డింగులో వరస ఇది. గ్లైసిన్ చోటుకి అంటుకునేదాన్ని, అంటే గ్లైసిన్‌నో డి-సైక్లోసెరిన్‌నో, వాష్ సొల్యూషన్‌లోనూ టెస్ట్ సొల్యూషన్‌లోనూ సమానంగా ఉంచండి. గ్లూటమేట్ మాత్రమే తెచ్చి తీసెయ్యండి. అప్పుడు గ్లైసిన్ చోటు ముందే స్థిరపడి ఉంటుంది. లేదంటే మందు రావడం, అంటుకోవడం, ఛానెల్ తెరుచుకోవడం మూడూ ఒకే గీతలో కలిసిపోతాయి. గ్లూటమేట్ 5 నుంచి 10 సెకన్లు, తర్వాత అర నిమిషం పైన వాష్. డోసులు 1, 3, 10, 30, 100, 300, 1000 మైక్రోమోలార్. ప్రతి రెండు డోసులకీ ముందూ వెనకా 100 మైక్రోమోలార్ గ్లైసిన్ ఉన్న పూర్తి స్పందన తీసుకోండి. ఆ రెండూ 20 శాతం కన్నా ఎక్కువ తేడాగా ఉంటే ఆ సెల్‌ని లెక్కలోకి తీసుకోకండి, దిగజారుతున్న సెల్‌లో ఏ నిష్పత్తీ నమ్మదగ్గది కాదు. డోసుల వరసని సెల్‌కీ సెల్‌కీ మార్చండి.

సిరీస్ రెసిస్టెన్స్, అంటే పిపెట్ కొస దగ్గర కరెంటుకి ఉండే అడ్డంకి, గురించి ఒక్క మాట. 10 మెగాఓం ఉండి కరెంటు 1 నానోఆంపియర్ వస్తే 10 మిల్లీవోల్టులు తప్పినట్టే. తప్పు పెద్ద కరెంట్లనే ఎక్కువ కోస్తుంది. పెద్ద కరెంటు ఫుల్ అగోనిస్టుది. అది కుదించుకుపోతే పార్షియల్ అగోనిస్ట్ ఉన్నదాని కన్నా బలంగా కనిపిస్తుంది. అందుకే పెద్ద కరెంట్లొచ్చే సెల్‌ని చూసి సంబరపడకుండా 200 నుంచి 800 పికోఆంపియర్ల మధ్య ఇచ్చేవాటిని ఎంచుకోండి.

తక్కువ గ్లైసిన్‌లో మరో చిక్కు కనిపిస్తుంది. గ్లూటమేట్ రాగానే కరెంటు పైకి లేచి, అర సెకనులో కిందికి జారి, కింద స్థిరపడుతుంది. గ్లూటమేట్ అంటుకోవడంతో గ్లైసిన్ పట్టు సడలడమే దీనికి కారణం. 10 మైక్రోమోలార్ గ్లైసిన్ వేస్తే ఆ జారుడు చాలావరకు పోతుంది. పీక్ కొలిచారా, స్థిరపడ్డాక కొలిచారా అన్నది పేపర్‌లో రాయకపోతే మీ అంకెని ఇంకొకరు వాడుకోలేరు.

సబ్‌యూనిట్ మారితే 0.65 అన్న అంకె కూడా మారుతుంది, నాకు ఈ మందులో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే భాగం ఇదే. గ్లూఎన్2ఏతో డి-సైక్లోసెరిన్ గ్లైసిన్‌లో దాదాపు 90 శాతం ఇస్తుంది. గ్లూఎన్2సితో గ్లైసిన్ కన్నా ఎక్కువ, దాదాపు రెట్టింపు. ఒకే అణువు ఒక రిసెప్టర్ మీద పార్షియల్, ఇంకో రిసెప్టర్ మీద సూపర్ అగోనిస్ట్. అంటుకునే చోటు మాత్రం ప్రతిసారీ గ్లూఎన్1 మీదే, అది మారలేదు. మారింది పక్కనున్న భాగస్వామి. గ్లూఎన్2సి చిన్నమెదడులోని గ్రాన్యూల్ సెల్స్‌లో బాగా ఉంటుంది. హిప్పోక్యాంపస్‌లో తేలిన ఫలితాన్ని చిన్నమెదడుకి పులిమితే ఎంత తప్పో దీన్ని బట్టి అర్థమవుతుంది.

స్లైస్‌లో, అంటే మెదడు నుంచి కోసిన పలచటి ముక్కలో, ఈ పని ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ గ్లైసిన్‌ని మీరు నిర్ణయించలేరు. గ్లైట్1 అనే ట్రాన్స్‌పోర్టర్ సైనాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) చుట్టూ గ్లైసిన్‌ని తోడేస్తూ ఉంటుంది, డి-సెరిన్ లోపలే తయారవుతుంది. మీరు బాత్‌లో వేసిన 1 మైక్రోమోలార్ గ్లైసిన్ సైనాప్స్ దాకా 1 మైక్రోమోలార్‌గా చేరదు. ఒక వారం స్లైసుల్లో కరెంటు పెరిగి, మరో వారం తగ్గితే వెంటనే జంతువుల వయసు చూడండి. వయసుతో గ్లూఎన్2బి వాటా తగ్గి గ్లూఎన్2ఏ వాటా పెరుగుతుంది, ఎఫికసీ దాన్నిబట్టి కదులుతుంది. గ్లైసిన్ వేసే స్లైసుల్లో 1 మైక్రోమోలార్ స్ట్రిక్నిన్ తప్పకుండా ఉండాలి, లేకపోతే గ్లైసిన్ తన సొంత క్లోరైడ్ ఛానెళ్లని తెరిచి మీ కొలతని ఖరాబు చేస్తుంది.

ఈ లెక్క ల్యాబుతో ఆగదు. ఇదే డి-సైక్లోసెరిన్, సైక్లోసెరిన్ అనే పేరుతో, మన దేశంలో మందులకి లొంగని టీబీకి వాడే మాత్ర, 250 మిల్లీగ్రాముల క్యాప్సూల్. టీబీలో పెద్దవాళ్లకి రోజుకి 500 నుంచి 750 మిల్లీగ్రాములు ఇస్తారు, రక్తంలో 20 నుంచి 35 మైక్రోగ్రాములు ప్రతి మిల్లీలీటరుకి ఉండేలా చూస్తారు. అణుభారంతో భాగిస్తే దాదాపు 200 నుంచి 340 మైక్రోమోలార్. మెదడు ద్రవంలోకి ఇది బాగా చేరుతుంది. అంటే ఆ డోస్ దగ్గర గ్లైసిన్ చోట్లు చాలావరకు ఈ మందుతోనే నిండుతాయి. 2004లో ఎత్తులంటే భయపడే 28 మందిని తీసుకుని, థెరపీ సెషన్‌కి ముందు కొందరికి 50 లేదా 500 మిల్లీగ్రాములు, మిగతావాళ్లకి మందు లేని మాత్ర ఇచ్చి, మందు వేసుకున్నవాళ్లలో భయం తగ్గడం మెరుగైందని రెస్లర్ బృందం చూపించింది. అది రోజూ వేసుకునే మందు కాదు, రెండు సెషన్లకి రెండుసార్లే ఇచ్చారు. తర్వాత వచ్చిన పెద్ద విశ్లేషణల్లో ఆ లాభం చిన్నదిగానే తేలింది. సెషన్‌లో భయం తగ్గకుండా ముగిస్తే మందు ఆ భయాన్నే గట్టిపరచవచ్చని సూచించిన ఫలితాలూ ఉన్నాయి.

టీబీ డోసుల్లో కనిపించే మూర్ఛలు, డిప్రెషన్, మతిభ్రమణం అన్నిటినీ ఎన్‌ఎండీఏ ఖాతాలో వేయడం సరికాదు. విటమిన్ బి6 మీద ఆధారపడే ఎంజైములని కూడా ఇది ఆపుతుంది, పిరిడాక్సిన్ తోడుగా ఇచ్చేది అందుకే. కిడ్నీల ద్వారా పోయే మందు కాబట్టి కిడ్నీ పనితనం తగ్గినవాళ్లలో పేరుకుంటుంది, మద్యం మూర్ఛల ప్రమాదాన్ని పెంచుతుంది. జ్ఞాపకశక్తి కోసమని ఎవరైనా దీన్ని సొంతంగా వేసుకోవాలని చూస్తే గట్టిగా వద్దని చెప్పండి. ఇంటర్నెట్‌లో ఈ మధ్య ఆ సలహాలు తిరుగుతున్నాయి, అవి ఆందోళన కలిగించేవి.

ఇప్పుడు గ్లూటమేట్‌కే స్పందించే ఇంకో కుటుంబం, ఆంపా రిసెప్టర్లకి వద్దాం. ఇక్కడ పార్షియల్ అగోనిస్టుకి పాత ఉదాహరణ కెయినేట్. పేరు చూసి కెయినేట్ రిసెప్టర్లకే అనుకోకండి, ఆంపా రిసెప్టర్ మీద కూడా పనిచేస్తుంది. గ్లూఏ2 అనే ఆంపా రిసెప్టర్‌లో లైగాండ్‌ని (అంటుకునే అణువుని) పట్టుకునే భాగం గ్లూటమేట్‌తో దాదాపు 20 డిగ్రీలు మూసుకుంటుంది, కెయినేట్‌తో 12 డిగ్రీలే. ఆర్మ్‌స్ట్రాంగ్, గూవో 2000లో ఈ నిర్మాణాలు చూపించాక "తక్కువ మూసుకుంటే తక్కువ కరెంటు" అన్న వివరణ పాఠాల్లోకి ఎక్కింది. ఎన్‌ఎండీఏకి అది వర్తించదు. గ్లూఎన్1లో డి-సైక్లోసెరిన్ కూర్చున్నా గ్లైసిన్‌తో ఎంత మూసుకుంటుందో అంతే మూసుకుంటుందని 2003లో ఫురుకవా, గూవో చూపించారు. కాబట్టి రెండు కుటుంబాలకీ ఒకే బొమ్మ గీసి చెప్పడం పొరపాటు.

ఆంపాలో విద్యార్థులు ఎక్కువగా పడే గుంట పెర్ఫ్యూజన్ వేగం. నిదానంగా మార్చే పెర్ఫ్యూజన్‌లో గ్లూటమేట్ ఇస్తే రిసెప్టర్ 5 నుంచి 10 మిల్లీసెకన్ల టైం కాన్‌స్టెంట్‌తో డీసెన్సిటైజ్ అయిపోతుంది, అంటే గ్లూటమేట్ ఉన్నా మూసుకుపోతుంది, అసలు పీక్ మీ కంటపడదు. కెయినేట్ ఇస్తే అంత డీసెన్సిటైజేషన్ ఉండదు కాబట్టి పెద్ద, నిలకడైన కరెంటు వస్తుంది. చూసినవాళ్లు కెయినేట్ గ్లూటమేట్ కన్నా బలమైన అగోనిస్ట్ అంటారు. నిజం తలకిందులు. ఎఫికసీ కొలవాలంటే అవుట్‌సైడ్-అవుట్ ప్యాచ్ (పిపెట్ కొసకి ఊడివచ్చిన సెల్ పొర ముక్క), వేగంగా కదిలించే పియెజో మీద థీటా గ్లాస్ ట్యూబు (రెండు ద్రావణాలు పక్కపక్కనే పారే గాజు గొట్టం), ఒక మిల్లీసెకను లోపు మార్పిడి కావాలి. ఆ వేగాన్ని ప్రయోగం అయ్యాక ప్యాచ్‌ని ఊది పేల్చేసి, ఖాళీ పిపెట్ కొస మీదుగా ఉప్పు తక్కువున్న సెలైన్‌ని మార్చి కొలవాలి. ముందు కొలిచి సరిపెట్టుకుంటే, ప్రయోగం మధ్యలో గ్లాస్ కదిలిందో లేదో తెలియదు. వేగం కుదరకపోతే 100 మైక్రోమోలార్ సైక్లోథయజైడ్‌తో డీసెన్సిటైజేషన్ ఆపి కొలవచ్చు. కానీ అది ఫ్లిప్ రకం రిసెప్టర్ల మీద బాగా, ఫ్లాప్ మీద తక్కువగా పనిచేస్తుంది, కాబట్టి మీ ప్లాస్మిడ్ ఏ రకమో ముందు తెలుసుకోండి.

ఆంపా రిసెప్టర్‌కి తోడుగా అంటుకుని ఉండే టార్ప్ ప్రోటీన్ల సంగతి తెలియక చాలా ప్రయోగాలు తప్పుదారి పట్టాయి. వాటిలో ఒకటైన స్టార్గజిన్ తోడుంటే కెయినేట్ ఎఫికసీ పెరుగుతుంది. దానికన్నా ముఖ్యం సీఎన్‌క్యూఎక్స్. ఆంపాని ఆపే మందుగా ప్రతి ల్యాబు ఫ్రిజ్‌లోనూ ఉండే ఇది, టార్ప్ ఉన్న రిసెప్టర్ మీద బలహీనమైన పార్షియల్ అగోనిస్ట్ అని 2007లో తేలింది. న్యూరాన్లలోని ఆంపా రిసెప్టర్లు చాలావరకు టార్ప్‌తోనే ఉంటాయి. కాబట్టి సీఎన్‌క్యూఎక్స్ వెయ్యగానే ఇంటర్‌న్యూరాన్లు (పక్క న్యూరాన్లని అణిచేవి) కాస్త డీపోలరైజ్ అయి, అంటే ఉత్తేజపడి, ఇన్‌హిబిషన్ పెరిగితే ఆశ్చర్యపోవద్దు. స్లైసుల్లో దాని బదులు ఆంపాని ఆపే ఇంకో మందు, ఎన్‌బీక్యూఎక్స్, 10 మైక్రోమోలార్ వాడండి, అది ఇలా పార్షియల్ అగోనిస్టుగా పనిచెయ్యదు.

మాడ్యులేటర్లు వేరే జాతి. ఇవి గ్లూటమేట్ చోటులో కూర్చోవు, ఒంటరిగా ఏమీ తెరవవు. ఎనిరాసెటామ్, సైక్లోథయజైడ్, ఆంపాకైన్లు ఆంపాని పెంచేవి. పెరంపనెల్ అదే రిసెప్టర్‌ని వేరే చోటు నుంచి తగ్గిస్తుంది, 2012లో అమెరికాలో మూర్ఛకి అనుమతి పొందింది. గ్లూటమేట్ ఎంత పెరిగినా పెరంపనెల్‌ని తోసెయ్యలేదు, ఎన్‌బీక్యూఎక్స్‌ని తోసెయ్యగలదు. ఈ రెండిటి తేడా చూపించే సులువైన పరీక్ష ఇదే. మెమాంటిన్‌ని కొందరు పార్షియల్ అగోనిస్ట్ అని రాస్తుంటారు, కాదు. అది తెరుచుకున్న ఎన్‌ఎండీఏ ఛానెల్ లోపలికి దిగి అడ్డుపడే మందు. వోల్టేజిని ప్లస్ 40కి మారిస్తే అడ్డు చాలావరకు తొలగుతుంది. గ్లైసిన్ చోటులో కూర్చునేవాటికి వోల్టేజితో ఆ సంబంధం లేదు. పేరు మీద అనుమానం ఉన్నప్పుడు ఈ ఒక్క వోల్టేజి పరీక్ష చాలు.

పెంచే మాడ్యులేటర్‌ని కొలిచేటప్పుడు గ్లూటమేట్‌ని గరిష్ఠంలో 20 శాతం ఇచ్చే గాఢత దగ్గర పెట్టండి. ముందే 90 శాతం దగ్గరుంటే పీక్ పెరగడానికి చోటే లేదు, మంచి మందు కూడా దండగగా కనిపిస్తుంది. తగ్గించేదానికి 80 శాతం దగ్గర పెట్టండి. ఎనిరాసెటామ్‌కి మిల్లీమోలార్ గాఢతలు కావాలి, అది నీళ్లలో సరిగా కరగదు, డీఎంఎస్ఓలో స్టాక్ చేసి చల్లటి సెలైన్‌లో పోస్తే సన్నటి స్ఫటికాలు తేలి పెర్ఫ్యూజన్ గొట్టాన్ని మూసేస్తాయి. గది వేడిలో ఉన్న సెలైన్‌ని తిప్పుతూ చుక్కచుక్కగా పొయ్యండి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. డీఎంఎస్ఓ ఎంత శాతం వెళ్లిందో కంట్రోల్ సెలైన్‌లోనూ అంతే ఉండాలి.

సైక్లోథయజైడ్ ఒకసారి వెళ్లిన గొట్టం తొందరగా శుభ్రపడదు, రిసెప్టర్ నుంచి కూడా నిదానంగా వదులుతుంది. దాన్ని ప్రతి సెల్‌లోనూ ఆఖరి సొల్యూషన్‌గానే ఇవ్వండి, ఆ కవర్‌స్లిప్ మీద ఇంకో సెల్ పట్టుకోకండి. సాయంత్రం గొట్టాలని 70 శాతం ఎథనాల్‌తో, తర్వాత పుష్కలంగా నీళ్లతో కడిగి, మర్నాడు మొదటి సెల్‌లో మందేమీ లేకుండా గ్లూటమేట్ ఒక్కటే ఇచ్చి డీసెన్సిటైజేషన్ టైం కాన్‌స్టెంట్ చూసుకోండి. అది నిన్నటికన్నా నిదానించి ఉంటే మందు ఇంకా గొట్టంలోనే ఉంది, ఆ గొట్టం మార్చెయ్యండి.